రెండు అరచేతుల మధ్య ఖాళీ

చోడవరంలో ఒక చర్చివాళ్లు కృపామణి గురించి చెప్పుకునే కథ వినడానికి బాగుంటుంది. అందులో ఆమె తనను నలుగురిలో అవమానించిన తోడికోడల్ని క్షమించి, ప్రేమతో ఆమె ప్రాణం కాపాడుతుంది. ప్రాణం కాపాడిన మాట నిజం. మిగతాది వాళ్ల కల్పన. కృపామణి ఎవర్నీ క్షమించలేదు. ఆ సంగతి ఆమే మైకు పట్టుకుని చెప్పింది. అయినా కథ మారలేదు. మంచి కథ ఒకటి చేతికి దొరికాక జనం సాక్షుల మాట వినరు.

కృపామణికి యాభై మూడేళ్లు. మెయిన్ రోడ్డులో గౌరీశంకర్ ఫ్యాన్సీ షాపులో ఇరవై ఆరేళ్లుగా గాజులు తొడుగుతోంది. అమ్మడం వేరు, తొడగడం వేరు. గాజులు ఎవరైనా అమ్మగలరు. ఎదుటి మనిషి బొటనవేలిని అరచేతిలోకి మడిచి, చిటికెనవేలి వైపు ఎముకని లోపలికి నొక్కి, ఆవిడ ఊపిరి వదిలిన క్షణంలో గాజుని కణుపులు దాటించడం మాత్రం అందరికీ రాదు. చీడికాడ నుంచీ వడ్డాది నుంచీ పెళ్లివాళ్లు వచ్చి, షాపు ముందు నిలబడి, "ఆ లావుపాటామె ఉందా?" అని అడిగాకే మెట్లెక్కేవారు. రెండు చేతులకీ రెండేసి డజన్ల మట్టిగాజులు ఒక్కటి చిట్లకుండా ఎక్కించి పంపేది.

గాజుల సైజులు టూ ఫోర్, టూ సిక్స్, టూ ఎయిట్ అని పోతాయి. అంకె పెరిగేకొద్దీ గాజు వెడల్పు. కృపామణికి మనుషుల మొహాలు అంతగా గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. ఫలానా టీచరమ్మ అంటే, "టూ ఫోర్. ఎడం సెయ్యి కూసింత లావు" అని చెప్పేది. ఇన్నేళ్లూ ఆమె పని ఇతరుల చేతులు మడవడమే. తన చెయ్యి చాపుకోవడం రాకుండా పోయే రోజు వస్తుందని ఆమె అనుకోలేదు.

మొదట కుడి చిటికెనవేలు. బల్ల మీద అరచెయ్యి పరిస్తే అదొక్కటీ కాస్త లేచి ఉండేది. ఏడాది తిరిగేసరికి ఉంగరపు వేలు, తర్వాత ఎడమ చెయ్యీ అదే దారి పట్టాయి. చేతి పైచర్మం దళసరెక్కి, కొవ్వొత్తి పూసినట్టు నున్నగా మెరిసేది. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. షుగర్ ఉందని పదేళ్ల కిందటే తెలుసు. గుర్తున్నప్పుడు మాత్ర వేసుకునేది. చెరకు పండే ఊళ్లో షుగర్ ఉందంటే ఎవరూ కంగారుపడరు. పడిశం పట్టిందన్నట్టు చెప్పుకుంటారు.

ఇక చర్చి సంగతి. వాళ్ల సంఘంలో ఒక ఆచారం ఉంది. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందు అందరూ లేచి, అటూ ఇటూ ఉన్నవాళ్ల వైపు తిరిగి, చేతులు జోడించి 'వందనాలు' చెప్పుకోవాలి. మాట పట్టింపులున్నవాళ్లు వెతుక్కుంటూ వెళ్లి మరీ చెప్పుకోవాలి. ఎప్పుడో పాత పాస్టరుగారు ప్రసంగంలో, మనసులో పగ ఉన్నవాడి చేతులు కలవవని అన్నారట. ఆయన ఉపమానంగా అన్నాడో, ఆ పూట ఎవరి మీదైనా చిరాకుపడి అన్నాడో తెలీదు. సంఘం మాత్రం దాన్ని కొలబద్దలా వాడుకోవడం మొదలుపెట్టింది. వందనాలప్పుడు ఎవరి అరచేతుల మధ్య సందుందో ఓరకంట చూసుకునేవారు. పెళ్లిచూపుల్లో కూడా చూశారని చెప్తారు. ఒక మాటని దేవుడు చెప్పాడో పాస్టరు చెప్పాడో తేల్చుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. కానీ ఆ పాటి శ్రమ కూడా ఎవరూ పడలేదు.

డెబోరా కృపామణికి తోడికోడలు. రిటైరైన హెడ్మాస్టరు దేవకుమార్ భార్య. దేవకుమార్ తమ్ముడు రిచర్డ్, కరెంటాఫీసులో లైన్‌మన్, కృపామణి భర్త. డెబోరా పన్నెండేళ్లుగా స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఎన్నికలు జరిగేవి కావు, ఆవిడ లేచి నిలబడేది, అంతే. నిరుడు జూన్ మొదటి ఆదివారం ఆవిడ ఎదురు బెంచీలో నిలబడి వందనాలు చెప్తూ కృపామణి చేతులు చూసింది. వేళ్ల చివరలు ఆనుతున్నాయి, మణికట్లు ఆనుతున్నాయి, మధ్యలో పావురం గుడ్డు పట్టేటంత ఖాళీ. ఆ ఆదివారం ఏమీ అనలేదు. గురువారం సమాజం మీటింగులో, ముప్ఫై మంది ఆడవాళ్ల ముందు, పాస్టరు మోజెస్ కూడా కూర్చునుండగా అంది.

"అత్తగారు పోయి పదకొండేళ్లయింది. కుట్టుమిషను నా ఇంటికొచ్చిందని మా సెల్లి ఇప్పటికీ లోపల ఉడుకుతంది. నేను సెప్పడం కాదు. సేతులు జోడించమనండి, సూడండి."

కృపామణి జోడించింది. అందరూ చూశారు.

కుట్టుమిషను సంగతి ఆమె ఎప్పుడో మర్చిపోయింది. ఆ నిమిషం దాకా ఆమెకి ఎవరి మీదా పగ లేదు. ఆ నిమిషం నుంచి ఉంది. ఆ కొలబద్ద చరిత్రలో అది ఒకే ఒక్కసారి నిజం చెప్పింది, అదీ కాస్త ముందుగా.

పాస్టరు మోజెస్ కుర్రవాడు, చెడ్డవాడు కాదు, ప్రెసిడెంటుగారంటే భయమున్నవాడు. అక్కతో సమాధానపడేవరకూ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే బల్లకి దూరంగా ఉంటే మంచిదని మెల్లగా చెప్పాడు. జూలై మొదటి ఆదివారం రొట్టె పళ్లెం కృపామణి బెంచీ దగ్గరకొచ్చి, ఆమెని దాటి పక్కావిడ దగ్గరకి వెళ్లింది. ఆమె పుట్టి పెరిగిన చర్చి అది, ఆమె తాత గోడలకి సున్నం వేసిన చర్చి. పక్కావిడ కాస్త జరిగి కూర్చుంది.

ఆ తర్వాత కృపామణి ఇంట్లో చేసిన పనులు వినడానికి బాగుండవు. చేతుల్ని పీట కింద పెట్టి, పీట మీద బియ్యం డబ్బా పెట్టి అరగంటేసి కూర్చుంది. పొడుగాటి గుడ్డతో రెండు అరచేతుల్నీ కలిపి కట్టించుకుంది. గుడ్డ విప్పగానే వేళ్లు మళ్లీ వాటి వంపులోకి అవి వెళ్లిపోయేవి. రిచర్డ్ చూడలేక, వదిన సంగతి తెలిసిందే కదా, వదిలేయమన్నాడు.

"ఇడిసేద్దారంటే ఈ సేతి ఏళ్లు తెరుసుకోవాలి కదేటి" అంది కృపామణి.

శ్రావణమాసంలో ఒక పెళ్లికూతురి చేతిమీద వరసగా నాలుగు గాజులు విరిగాయి. పిల్ల మణికట్టు మీద రక్తం చిమ్మింది. తల్లి మొహం మాడ్చుకుంది. గౌరీశంకర్ గాజుముక్కలు ఏరించి, సాయంత్రం, కొన్నాళ్లు బొట్టుబిళ్లల దగ్గర కూర్చోమన్నాడు. మర్నాడు కృపామణి అనకాపల్లి బస్సెక్కింది.

షుగర్ డాక్టరు సంధ్యారాణి వేళ్లన్నీ ఒక్కొక్కటీ వెనక్కి వంచి చూసింది. తర్వాత రెండు చేతులూ జోడించి చూపించమంది.

కృపామణి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మీరూ మా సర్చేనా డాక్టరమ్మా?"

డాక్టరుకి అర్థం కాలేదు. ఇది పరీక్షేనని చెప్పింది. తన చేతులు జోడించి చూపించింది, మధ్యలో కాగితం కూడా దూరదు. కృపామణి చేతులు జోడించింది. డాక్టరు ఆ సందులోకి తన వేలు దూర్చి, ఎన్నాళ్లయిందని అడిగింది. తర్వాత చెప్పింది. చర్మం కిందా, కీళ్ల చుట్టూ, కండరాన్ని ఎముకకి కట్టే చోటా సన్నటి పీచు ఉంటుంది. ఒళ్లంతటినీ పట్టి ఉంచేది ఆ పీచే. రక్తంలో ఏళ్ల తరబడి పంచదార ఎక్కువైతే అది ఆ పీచుకి అంటుకుంటుంది. పోగుకీ పోగుకీ అతుకుపడుతుంది. బెల్లప్పాకంలో దారం ముంచి ఆరేస్తే ఎలా బిరుసెక్కుతుందో అలాగ. ఇక సాగదు. చేతుల్లో కనబడేది పైపై గుర్తు మాత్రమే. ఇలాంటి చేతులున్నవాళ్లకి కళ్లల్లోనూ కిడ్నీల్లోనూ పాడు జరుగుతూ ఉండొచ్చు, వెంటనే చూపించుకోవాలి. షుగర్ దారిలో పెట్టి, వేడి మైనంలో చేతులు ముంచి, రోజూ వేళ్లు సాగదీస్తే కొంత వస్తుంది. అంతా రాదు.

పగకీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా అని కృపామణి అడిగింది. డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి బీపీ కూడా చూసింది.

కృపామణి కళ్లూ కిడ్నీలూ ఇంకా బాగానే ఉన్నాయని తేలింది. రిచర్డ్ డాక్టరు చీటీ చూసి పండగ చేసుకున్నాడు. పట్టుకెళ్లి పాస్టరు చేతిలో పెడదాం, ఈ ఆదివారమే బల్ల దగ్గరకి పిలుస్తాడన్నాడు. అది నిజం కూడా. మోజెస్ ఆ చీటీ చదివుంటే ఊపిరి పీల్చుకునేవాడు. జబ్బని ప్రకటించేవాడు, ప్రార్థన చేయించేవాడు. డెబోరా ముందుకొచ్చి చెల్లెలి తల నిమిరి కన్నీళ్లు పెట్టుకునేది. అక్కడితో అయిపోయేది.

కృపామణి చీటీని మడిచి బీరువాలో చీరల కింద పెట్టేసింది.

"సీటీ సూపిస్తే అయ్యో పాపం అంటారు. నాకు పాపం అనిపించుకోవాలని లేదు. నలుగురి ముందూ అంది. నలుగురి ముందే ఆ మాట ఆవిడ మీదకి తిరగాలి."

ఎలా తిప్పాలో ఆమెకి తెలీదు. అక్టోబరు ఒకటో తేదీన దారి తనంతట తానే షాపులోకి నడిచొచ్చింది. డెబోరా కూతురు జూడీ, దేవరాపల్లిలో బంధువుల పెళ్లికని గాజులు కొనడానికి వచ్చింది. తనకి టూ ఫోర్ తీసుకుంది. అమ్మకి టూ టెన్ కావాలంది.

కృపామణి బొట్టుబిళ్లల దగ్గర్నుంచి తలెత్తింది. డెబోరా చేతికి ఇరవై నాలుగేళ్లు గాజులు తొడిగింది తనే. టూ సిక్స్. ఎప్పుడూ టూ సిక్స్. రెండేళ్లుగా డెబోరా షాపుకి రావడం మానేసింది. ప్రెసిడెంటుగారి హోదా అనుకుంది తను.

"లావయ్యిందేటే మీ యమ్మ?"

"లేదు పిన్నీ, సన్నబడిపోయింది. నీళ్లు తెగ తాగుతంది. టూ సిక్స్ ఎక్కట్లేదంట, సెయ్యి మడత పడట్లేదు."

గాజు సైజు రెండు కారణాలకే పెరుగుతుంది. చెయ్యి లావెక్కాలి, లేదా చెయ్యి మడత పడటం మానెయ్యాలి. సన్నబడిన మనిషికి రెండు సైజులు పెరిగాయంటే ఇంకేం కావాలి. ఇరవై ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి, అందులోనూ అదే జబ్బు తన చేతులకున్న మనిషి, నిర్ధారణకి రావడానికి రక్తపరీక్ష అక్కర్లేదు. కృపామణి టూ టెన్ డజను కట్టి ఇచ్చింది. అమ్మని డాక్టరుకి చూపించమని చెప్పలేదు.

నాలుగో రోజు మొదటి ఆదివారం. కృపామణి రొట్టె లేని తన బెంచీలో కూర్చుని డెబోరా చేతులు చూసింది. డెబోరా బైబిల్‌ని రెండు అరచేతుల మధ్య నిలువుగా పెట్టుకుని వందనాలు చెప్తోంది. ప్రార్థనలోనూ అంతే, పాటలోనూ అంతే. ఆ పుస్తకం ఆ చేతుల మధ్య నుంచి ఒక్కసారి కూడా తొలగలేదు. సంఘం దాన్ని భక్తి అనుకుంది. అప్పటికే ముగ్గురు పడుచు కోడళ్లు అలాగే పట్టుకోవడం నేర్చుకున్నారు.

డెబోరాకి తెలుసన్నమాట. జబ్బని తెలీదు, కలవట్లేదని తెలుసు. తన చేతులు కలవకపోతే పుస్తకం అడ్డం పెట్టుకుంది, చెల్లెలి చేతులు కలవకపోతే పగ అంది. కృపామణికి అంతకుముందు కాస్త మెత్తదనం ఎక్కడైనా మిగిలుంటే, ఆ ఉదయం అది కూడా బిరుసెక్కింది.

నవంబరు మొదటి ఆదివారం చేసుండవచ్చు. ఆ రోజు వాన. సగం బెంచీలు ఖాళీ. కృపామణి లోపలికి తొంగిచూసి, ఖాళీ బెంచీల ముందు ఎందుకని ఇంకో నెల ఆగింది. డిసెంబరు మొదటి ఆదివారానికి క్రిస్మస్ కార్యక్రమాల పేర్లు రాస్తారు, విశాఖలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా వస్తారు. శనివారం పాస్టరు ఇంటికి వెళ్లి, అక్కతో సమాధానపడతాను, అందరి ముందూ వందనాలు చెప్తానంది. మోజెస్ ఆనందం పట్టలేక అప్పటికప్పుడే డెబోరాకి ఫోన్ చేశాడు.

ఆదివారం బెంచీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. డెబోరా కొత్త పట్టుచీర కట్టుకొచ్చింది. ఓడిపోయినవాళ్లు వచ్చి దణ్ణం పెడుతుంటే కట్టుకోవలసిన చీరే అది. ఇద్దరూ బల్ల ముందు ఎదురెదురుగా నిలబడ్డారు. కృపామణి ముందుకొచ్చి, ఎంతో గౌరవంగా, అక్క చేతుల్లోంచి బైబిల్ తీసుకుని జూడీకి అందించింది. ఎంత మెత్తగా తీసిందంటే డెబోరా వేళ్లకి పట్టుకునే వ్యవధి లేకపోయింది. అయినా ఆ వేళ్లకి అంత చురుకు ఎక్కడుంది?

"పెద్దదానివి. ముందు నువ్వు జోడించక్కా."

డెబోరా చీర చెంగు సర్దుకుంది. జూడీ వైపు చూసింది. పాస్టరు చిరునవ్వుతో ఎదురుచూస్తున్నాడు. వంద జతల కళ్లు, అదే కొలబద్దతో తర్ఫీదు పొందిన కళ్లు, ఆ రెండు చేతుల మీదే ఉన్నాయి. చివరికి డెబోరా చేతులు జోడించింది. వేళ్ల చివరలు ఆనాయి. మణికట్లు ఆనాయి. మధ్యలోంచి వెనకనున్న బల్ల గుడ్డ తెల్లగా కనబడింది.

కృపామణి తన చేతులు జోడించి అక్క చేతుల పక్కన పెట్టింది. ఎవరి ఖాళీ ఎక్కువో చూసుకోమన్నట్టు. గొంతు పెంచలేదు.

"నాది కుట్టుమిషను మీద పగన్నావు. నీది ఎవరి మీదక్కా?"

డెబోరా చేతులు దించలేదు, దించడం మర్చిపోయినట్టుంది. తర్వాత బైబిల్ కోసం కూడా ఆగకుండా పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది. ఆ రోజు రొట్టె పళ్లెం కృపామణి దగ్గర ఆగింది. ఆమె పెద్ద ముక్కే తీసుకుంది.

కథ అక్కడ ఆగిపోయి ఉంటే కృపామణికి ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. కానీ జూడీ తెలివైన పిల్ల. పిన్ని చేతులూ అమ్మ చేతులూ ఒకేలా ఉన్నాయని చూసింది, పిన్ని అనకాపల్లి వెళ్లిందని బాబాయి ద్వారా విని, తల్లిని అదే డాక్టరు దగ్గరకి తీసుకెళ్లింది. షుగర్ నాలుగు వందల పైన. కిడ్నీల్లో పాడు ఇప్పుడిప్పుడే మొదలు, మందులతో ఆపవచ్చు. కుడి కంట్లో రక్తం చిమ్మి ఉంది. ప్రాణానికి భయం లేదని, కంటికి మాత్రం ఆలస్యమైందని, రెండు నెలల ముందు వచ్చుంటే చూపు ఇంకాస్త దక్కేదని సంధ్యారాణి చెప్పింది. జూడీ ఆ మాట పిన్నికి కృతజ్ఞతతో చెప్పింది. నువ్వు ఆ రోజు అలా చేయకపోతే అమ్మ మాకు దక్కేది కాదని చేతులు పట్టుకుంది.

సంఘం ఈ మలుపుని అందిపుచ్చుకుంది. కృపామణికి దర్శనం అయిందన్నారు. చెల్లెలు ప్రేమతో అక్క రోగాన్ని వెలుగులోకి తెచ్చిందన్నారు. పాత కొలబద్ద గురించి ఒక్కరూ మాట్లాడలేదు. జూన్‌లో దాన్ని పట్టుకుని కొలిచినవాళ్లే జనవరిలో కన్నీళ్లతో చప్పట్లు కొట్టారు. ఫిబ్రవరిలో చర్చి వార్షికోత్సవం వచ్చింది. మోజెస్ సాక్ష్యం చెప్పమని ఆమెని స్టేజీ మీదకి పిలిచాడు. క్షమాపణ అనే అంశం కింద పేరు కూడా రాసేశాడు.

కృపామణి మైకు రెండు చేతులతో పట్టుకుంది. ఒక చేతి వేళ్లు ఇంకా సరిగ్గా మూసుకోవు.

"అక్కకి జబ్బుందని నాకు అక్టోబరు ఒకటినే తెలిసింది. కళ్లు పోతాయని కూడా తెలుసు, డాక్టరమ్మ సెప్పింది. నేను సెప్పలేదు. మీరందరూ వచ్చే ఆదివారం దాకా ఆగేను. వానొస్తే ఇంకో నెల ఆగేను. రెండు నెలల ఆరు రోజులు. నేను పగతో సేసేను. ప్రేమతో సేసేనంటే నాకు నచ్చదు, అది నాది కాదు."

పాస్టరు సైగ చేశాడు, కీబోర్డు మోగింది, పాట అందుకున్నారు. తర్వాత జనం ఆ మాటలకి కూడా ఒక అర్థం వెతుక్కున్నారు. ఎంత తగ్గింపు మనసు, తన తప్పు ఎలా ఒప్పుకుందో చూడండి అన్నారు. ఆమె తప్పని అనలేదు. ఆ మాటని ఉన్నదున్నట్టు విన్నవాళ్లు ఇద్దరే. ఒకరు జూడీ. ఆ రోజు నుంచి ఆమె పిన్ని అని పిలవడం మానేసింది. ఆ ఒక్క నష్టం గురించి కృపామణి ఎవరితోనూ మాట్లాడదు.

రెండోవారు డెబోరా. వారం తిరక్కముందే మధ్యాహ్నం షాపుకొచ్చింది, రెండేళ్ల తర్వాత మొదటిసారి. కుడి కంటికి నల్లద్దం. కృపామణి చేతులు మైనంలో కాగి, సాగి, సగం దారికొచ్చాయి. గౌరీశంకర్ మళ్లీ గాజుల దగ్గర కూర్చోబెట్టాడు. డెబోరా ఎదురుగా స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది.

"రెండు నెలలు ఆగేవా?"

"ఆరు రోజులు కూడా."

డెబోరా కాసేపు అద్దాల బీరువాలో గాజుల వరసలు చూసింది, ఉన్న కంటితో.

"నేనైతే ఏడాది ఆగుదునే."

వాళ్ల ముప్ఫై ఏళ్ల తోడికోడళ్ల బంధుత్వంలో ఒకరిమాట ఒకరు పూర్తిగా నమ్మింది బహుశా అప్పుడే. ఏ సైజు కావాలని కృపామణి అడిగింది. టూ సిక్స్ అంది డెబోరా. అది ఎక్కదని ఇద్దరికీ తెలుసు. కృపామణి టూ ఎయిట్ తీసింది. అది కూడా ఎక్కడం కష్టమే.

ఇలాంటి చేతులకి గాజులు తొడగాలంటే, చేతికి పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి దాని మీదుగా జారుస్తారు. నొప్పి ఉండదు. కవర్ల కట్ట కృపామణి మోచేతి పక్కనే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు. బిరుసు వేళ్లతో బిరుసు వేళ్లని పట్టుకుని, బొటనవేలిని లోపలికి మడిచి, ఎముక మీద గట్టిగా నొక్కింది. డెబోరా మంచి కంట్లో నీళ్లు తిరిగాయి. ఆపమని ఆవిడ అనలేదు, ఈవిడ ఆపలేదు. గాజు కణుపుల మీద ఆగి, చర్మాన్ని గీరుకుంటూ, చిట్లకుండా దాటింది. కృపామణి రెండో గాజు చేతిలోకి తీసుకుంది. ఇంకా పదకొండు ఉన్నాయి.